కుచ్చిళ్ళు ముందుకే

3 నవంబర్ 2020, మంగళవారం

"మీ ఏడుపంతా నా దగ్గర కాకుండా ఏదైనా పుస్తకంలో ఏడవండి" అని హైమ మా అమ్మాయి ఈషా నోటుబుక్కు ఒకటి తెచ్చి నా ముందు పడేసింది. సరే, ఏడుస్తున్నాను.

నిన్నటి నుంచి జర్మనీలో మళ్ళీ లాక్‌డౌన్. ఈసారిది "లైట్" అట. కాఫీలో పాలు తగ్గించినట్టు దీనికి కూడా లైట్ ఏమిటో. ఎష్‌బోర్న్ ఆఫీసుకి తాళం. మధ్యాహ్నం మా బాస్ ఫ్రావు (అంటే శ్రీమతి) కెస్లర్ అందరినీ వీడియోలో కూర్చోబెట్టి, జనవరి నుంచి కొందరిని కుర్జ్‌ఆర్బైట్‌లో పెడతామని చెప్పింది. అంటే సగం పని, అరకొర జీతం. ఆ తరువాతి మెట్టేమిటో ఆవిడ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మా ప్రాజెక్టు స్కాట్లండులో ఒక బిస్కెట్ల కంపెనీది. వాళ్ళ తరఫు పెద్ద ఫెర్గస్ అనే ఆయన కాంట్రాక్టు పొడిగిస్తే నేనుంటాను. లేకపోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో ఈ దేశంలో ఉండనిచ్చే బ్లూకార్డు, బ్లూకార్డుతో ఈ ఇల్లు, ఈషా స్కూలు. జర్మన్ పరీక్ష రెండుసార్లు తప్పాను కాబట్టి పర్మనెంటు కాగితం కూడా లేదు. ఫెర్గస్ రెండేళ్ళుగా నన్ను "విష్" అంటాడు. మిగతా "వనాథం"తో ఆయనకి అవసరం పడలేదు. నా ముఖం కేసి సరిగ్గా చూసిన గుర్తు కూడా లేదు.

నేనేం భయపడటం లేదు.

4 నవంబర్

భయపడటం లేదు.

12 నవంబర్, గురువారం

భగవంతుడా.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పదిన్నరకి ఫెర్గస్‌తో మీటింగు. హైమ సరుకులకి వెళుతూ "కుక్కర్ పెట్టాను, మూడు కూతలకి కట్టేయండి" అంది. పైన ఇస్త్రీ చొక్కా, కింద పచ్చ గళ్ళ లుంగీ. ప్రపంచమంతా ఇప్పుడు ఇలాగే ఉద్యోగం చేస్తోంది. హీటరుకి ఒకటి నుంచి ఐదు దాకా అంకెలుంటే మా ఇంట్లో ఐదు ఒక్కటే తెలుసు. ఉడికిపోయి లుంగీని మోకాళ్ళ పైకి మడిచి కట్టాను. మూడో కూత వచ్చేసరికి ఫెర్గస్ నన్నే ఏదో అడుగుతున్నాడు. నాలుగు. ఐదు. ఆరో దానికి ఇక ఆగలేక లేచాను. మా వంటిల్లూ ఆఫీసూ ఒకటే గది. స్టవ్ కట్టేసి వెనక్కి తిరిగేసరికి తెర మీద ఏడు ముఖాలూ నన్నే చూస్తున్నాయి.

కెమెరా ఆపలేదు నేను.

ఫ్రావు కెస్లర్ నా లుంగీ కేసే చూస్తోంది. "కస్టమర్ల ముందు ఇంటి బట్టలు వద్దు" అని వేసవిలోనే అందరికీ మెయిలు పెట్టిన మనిషి ఆవిడ. అప్పుడు ఫెర్గస్ ముందుకి వంగి అడిగాడు.

"విష్, నువ్వు కట్టుకున్నది కిల్టా?"

కిల్టు అంటే వాళ్ళ దేశంలో మగవాళ్ళు మోకాళ్ళ దాకా చుట్టుకునే గళ్ళ గుడ్డ. ఫొటోల్లో చూశాను. నేనొకసారి నా మోకాళ్ళ కేసి చూసుకున్నాను, ఒకసారి ఫ్రావు కెస్లర్ కేసి చూశాను.

"అవును" అన్నాను.

"ఏ టార్టన్?" అన్నాడు. ఆ గళ్ళ వరసని టార్టన్ అంటారట. వంశానికి ఒకటి ఉంటుందట.

"మా ఇంటిది."

"మీ కుటుంబానికి సొంత టార్టనుందా?"

"చాలా పాతది" అన్నాను.

ఫెర్గస్ నా ముఖం కేసి మొదటిసారి చూశాడు. మీటింగు పదిహేను నిమిషాలు ఎక్కువ సాగింది. నా పూర్తి పేరు అడిగి, నాలుగుసార్లు పలికి, చివరికి "విస్సనాదం" దాకా వచ్చాడు.

నేను అబద్ధమాడలేదు. లుంగీ మా ఇంటిదే. తునిలో కొని తొమ్మిదేళ్ళయింది కాబట్టి పాతదే.

13 నవంబర్

హైమకి చెప్పాను. నవ్వి నవ్వి సోఫాలోంచి జారింది. తరువాత నవ్వు ఆపి, "అది కిల్టు కాదు, లుంగీ అని చెప్పేస్తే పోయేదేముందండీ?" అంది.

"ఉద్యోగం" అన్నాను.

"లుంగీ కట్టుకుంటే ఉద్యోగం తీసేస్తారా?"

సాయంత్రం ఫెర్గస్ మెయిలు. నవంబర్ ముప్పైన వాళ్ళ దేశపు పండగ. అందరూ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని వీడియోలో కలిసి భోంచేద్దామన్నాడు. "విస్సనాదం తన కుటుంబపు కిల్టులో, ఫార్మల్‌గా వస్తాడని ఆశిస్తున్నాను." కింద ఫ్రావు కెస్లర్ ఒక నవ్వే బొమ్మ పెట్టింది. ఆవిడ నవ్వే బొమ్మ పెట్టడం నేను ఇదే చూడటం.

15 నవంబర్

చదివాను. ఇది మనం అనుకున్నంత సులువైన వ్యవహారం కాదు. రోజువారీ అయితే కిల్టు మీదకి స్వెట్టరు, మందపాటి మేజోళ్ళు, బూట్లు చాలు. ఫార్మల్ అయితే వెండి గుండీల పొట్టి నల్లకోటు, లోపల వెయిస్టుకోటు, మెడకి బో టై, నడుముకి ముందు వేలాడే బొచ్చు సంచీ, మేజోట్లో చిన్న కత్తి. భోజనానికి పిలిచి కత్తి పెట్టుకు రమ్మనే జనం వీళ్ళు.

లోపల ఏం వేసుకుంటారు అన్న దాని మీద చాలా చర్చ ఉంది. నేను ఆ పేజీ మూసేశాను. నవంబరు నెల ఇది.

21 నవంబర్

దుకాణాలు సగం మూత. ఫాషింగ్ వేషాలమ్మే ఒక ఆన్‌లైన్ కొట్లో కిల్టు దొరికింది. ఇక్కడ ఫిబ్రవరిలో ఫాషింగ్ అని పెద్దవాళ్ళు కూడా పులులూ, పోలీసులూ అయి తిరుగుతారు. ఈ ఏడు ఎవరూ తిరిగేది లేదు కాబట్టి సగం ధరకే ఇచ్చారు. ఎర్ర గళ్ళు. లుంగీ పచ్చ, ఇది ఎరుపు.

"అడిగితే ఏం చెబుతారు?" అంది హైమ.

"పండగలకి ఎరుపు అని చెబుతాను."

"మీకు బాగా అలవాటైపోతోంది" అంది. ఆ మాట నాకు నచ్చలేదు.

30 నవంబర్, సోమవారం

కట్టుకోవడం ఇలా జరిగింది. కిల్టు విప్పి చూస్తే ఒక పక్కంతా కుచ్చిళ్ళు, ఒక పక్కంతా చదును. కుచ్చిళ్ళు ఎటు రావాలి అన్నది ఒక ప్రశ్నేనా? చీరైనా, పంచైనా కుచ్చిళ్ళు ముందుకే కదా. హైమ నన్ను నిలబెట్టి, చుట్టి, కుచ్చిళ్ళు సరిగ్గా బొడ్డు కిందకి వచ్చేలా సర్ది, ఒక్కొక్కటీ వేళ్ళతో లాగి నిలబెట్టింది. ఇరవై ఏళ్ళుగా చీర కడుతున్న మనిషి. ఆవిడ చేతిలో తప్పు జరగదు.

ఈషా తలుపు దగ్గర నుంచి చూసి, "డాడీ, దస్ ఇస్ట్ ఫాల్ష్ హెరుమ్" అంది. తిరగేసి కట్టుకున్నానట.

"ఊరుకోవే. పన్నెండేళ్ళు లేవు, మాకు కట్టు నేర్పుతావా?" అంది హైమ.

బొచ్చు సంచీ కుచ్చిళ్ళ మీద నిలవక ఎగిరెగిరి పడుతుంటే పక్కకి తిప్పి, తుంటి మీద పెట్టాం. కత్తి బదులు మేజోట్లో వెన్న రాసుకునే చాకు.

ఏడింటికి అందరూ వచ్చారు. ఫెర్గస్ నిండు వేషంలో పెళ్ళికొడుకులా ఉన్నాడు. "మన విస్సనాదాన్ని చూద్దాం" అన్నాడు. లేచాను. "ఒకసారి తిరుగు" అన్నాడు. తిరిగాను. వెనక అంతా చదును.

వాళ్ళలో ఒకావిడ తన వైనుగ్లాసుని చాలా శ్రద్ధగా చూసుకుంది. ఫెర్గస్ సీసా అందుకోవడానికి అటు తిరిగాడు. అప్పుడు చూశాను, అతని కుచ్చిళ్ళన్నీ వెనకే ఉన్నాయి. చచ్చాను.

"మీ ఇంట్లో కుచ్చిళ్ళు ముందుకా?" అని ఫెర్గస్ నెమ్మదిగా అడిగాడు.

"ముందుకే" అన్నాను. "తాతల కాలం నుంచీ."

ఇది మాత్రం సాక్షాత్తూ నిజం. ఏ పంచాంగం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేయమన్నా చేస్తాను.

ఫెర్గస్ కళ్ళు మెరిశాయి. వాళ్ళ అంకుల్ ఒకాయన అరవై ఏళ్ళుగా చేత్తో కిల్టులు కుడుతున్నాడట, ఈ సంగతి ఆయనకి చెప్పాలన్నాడు. "అంకుల్ అంటే అమ్మ వైపా, నాన్న వైపా?" అని అడిగాను. అమ్మ తమ్ముడట. పేరు ఆర్చీ. అంటే మేనమామ. వీళ్ళకి ఆ ముక్క చెప్పడానికి ఒక మాట కూడా లేదు, పాపం.

4 డిసెంబర్

కాంట్రాక్టు ఏడాదికి పొడిగించారు. కెస్లర్ ఫోను చేసి "గుట్ గెమాఖ్ట్" అంది. బాగా చేశానట. హైమ పరమాన్నం వండింది. ఈ విషయం ఇక్కడితో అయిపోయింది.

21 జనవరి 2021, గురువారం

అవలేదు.

ఇప్పుడు ప్రతి గురువారం మీటింగు అయ్యాక ఫెర్గస్ నన్ను ఉండమంటాడు. బిస్కెట్ల సంగతులు కావు. వాళ్ళ ఊళ్ళో గాలి సంగతి, గొర్రెల సంగతి, భార్య వదిలి వెళ్ళిన సంగతి. నేను ఈషా జర్మన్ సంగతి, నా జర్మన్ సంగతి చెబుతాను. ఈ దేశం వచ్చాక నన్ను "మీ ఊరు ఎలా ఉంటుంది?" అని అడిగి, జవాబు వినేదాకా ఆగిన మనిషి అతనొక్కడే. నాకతనంటే ఇష్టం.

అతని కోసమే కిల్టు. గురువారాలు కట్టుకుంటున్నాను, సంగతి అడుగుతాడని.

28 జనవరి

ఆర్చీ గారు అడిగారట, మా ఇంటి టార్టను దగ్గర నుంచి ఫొటో తీసి, గడికి ఎన్ని పోగులో లెక్క చెప్పగలనా అని. భూతద్దం పెట్టి లుంగీ మీద పోగులు లెక్కపెట్టాను. పచ్చ ఇరవైరెండు, తెలుపు నాలుగు, మళ్ళీ పచ్చ ఆరు, నీలం పద్దెనిమిది. హైమ కాసేపు చూసి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని తను కూడా భూతద్దం తీసుకుంది. నీలం పంతొమ్మిదట. తనదే సరి.

పండగ కిల్టు ఎరుపెందుకు అని ఫెర్గస్ ఇంతవరకు అడగలేదు. మంచి మనిషి.

13 మార్చి, శనివారం

ఉద్యోగం కోసమని మొదలుపెట్టానే గానీ, కిల్టు సుఖంగా ఉంటుంది. తిన్నాక నడుము పట్టదు. ఇంట్లో కూడా అదే కడుతున్నాను. ఇవాళ దాని మీద స్వెట్టరు వేసి, బూట్లు తొడిగి ఇండియన్ షాపుకి కూడా వెళ్ళాను. ఎస్‌బాన్ రైల్లో ఒక్క జర్మన్ తల తిప్పలేదు. ఈ దేశంలో నువ్వు నెత్తి మీద కుంపటి పెట్టుకుని ఎక్కినా మాస్కు ముక్కు మీద ఉంటే చాలు.

షాపులో కందిపప్పు దగ్గర జయలక్ష్మి గారు కనబడ్డారు, మా తెలుగు సంఘం ప్రెసిడెంటు భాస్కరరావు గారి భార్య. నన్ను పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చూసి, "హైమావతి గారు బాగున్నారాండీ?" అని జాలిగా అడిగారు. ఇల్లు చేరే లోపలే హైమకి నాలుగు ఫోన్లు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నా మొగుడు నా ఇష్టం అన్నాను" అంది హైమ. మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు మరి.

17 జూన్

ఆర్చీ గారికి చేతులు వణుకుతున్నాయట. ఫెర్గస్ చెప్పాడు. అయినా ఏదో కుడుతున్నారట, ఎవరికో చెప్పటం లేదట.

5 ఆగస్టు 2021, గురువారం

కస్టమ్స్ వాళ్ళ నుంచి ఉత్తరం. స్కాట్లండు నుంచి పార్సెలు వచ్చింది, వచ్చి విప్పి చూపించి తీసుకెళ్ళమన్నారు. వెళితే కౌంటరులో ఉన్న అమ్మాయి విప్పింది. పచ్చ, తెలుపు, పచ్చ, నీలం. నా లుంగీ. ఉన్నిలో. ఎనిమిది గజాలు.

ఎవరి కోసం ఈ గళ్ళు నేశారో, ఎవరు వణికే చేతులతో కుట్టారో చూస్తూనే అర్థమయింది. ఆ అమ్మాయి కంప్యూటరులో వెతికి, "ఆడవాళ్ళ స్కర్టా?" అంది. కాదన్నాను. "మీదేనా?" అంది. అవునన్నాను. "గెషెంక్?" అంది. కానుకే.

లోపల ఉత్తరం. దాన్ని ఇక్కడ దింపుతున్నాను, ఇంగ్లీషు నాది కాదు కాబట్టి తెలుగులోనే.

"ప్రియమైన విస్సనాదం, ఇది నేను కుట్టే చివరి కిల్టు. నేయడం నా స్నేహితుడు నేశాడు. అరవై ఏళ్ళుగా కుచ్చిళ్ళు వెనక్కి పెట్టాను. మీ ఇంటి ఆచారం ప్రకారం దీనికి ముందుకి పెట్టాను. చేతులు మాట వినలేదు, వాటంతట అవే వెనక్కి పెట్టేశాయి. నాలుగుసార్లు విప్పి కుట్టాను. ఇది వేరే ఇంటి మర్యాద అని నా చేతులకి చెప్పుకోవలసి వచ్చింది. ఆర్చీ."

నాకు సిగ్గుగా ఉంది. ఇంకెలా రాయాలో తెలియటం లేదు. సిగ్గుగా ఉంది.

6 ఆగస్టు

హైమ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. "మేనమామ బట్టలు పెట్టాడు" అంది. "తిరిగి పెట్టకపోతే ఎలా?"

"ఆయన నా మేనమామ కాదే, ఫెర్గస్ మేనమామ."

"ఎవరి మేనమామైతే ఏంటండీ? బట్టలు వచ్చింది మనింటికి కదా."

పెట్టెలోంచి జరీ అంచు పంచెల చాపు తీసింది, కండువాతో సహా. ఎవరికీ పెట్టకుండా దాచిన మంచి చాపు అది. పసుపు పెట్టి, బొట్టు పెట్టి పార్సెలు కట్టింది. ఈషాని కూర్చోబెట్టుకుని ఇంగ్లీషులో ఉత్తరం కూడా రాయించింది. ఏం రాశారే అంటే, "ఆడపడుచు ఉత్తరం, మీకెందుకు?" అంది. తనకి ఆర్చీ గారు అన్నయ్య ఎప్పుడయ్యారో.

ఫెర్గస్‌కి నిజం చెప్పాలి. నవంబరులో కొత్త కాంట్రాక్టు, మూడేళ్ళది. అది కాగానే చెబుతాను. ముందే చెప్పడం తెలివితక్కువ.

30 సెప్టెంబర్, గురువారం

ఫెర్గస్ మీటింగు కాగానే కట్ చేశాడు. పని ఒత్తిడి.

7 అక్టోబర్, గురువారం

ఇవాళా కట్ చేశాడు. పని ఒత్తిడే.

14 అక్టోబర్

ఇవాళ ఉన్నాడు. గొర్రెల గురించి చెప్పాడు. "నువ్వు నాకేమైనా చెప్పాలా?" అన్నాడు. ఏమీ లేదన్నాను. గొర్రెల గురించే మాట్లాడుకున్నాం.

11 నవంబర్ 2021, గురువారం

సంతకాలకి ఫెర్గస్ ఇక్కడికే వచ్చాడు. మనిషిని మొదటిసారి నిలువెత్తున చూశాను. నేననుకున్న దానికన్నా పొట్టి.

పొద్దున్న ఆర్చీ గారి కిల్టు కట్టుకుని ఎస్‌బాన్ ఎక్కాను. ఇవాళ పదకొండో నెల పదకొండో తేదీ, ఫిబ్రవరి ఫాషింగ్‌కి ఇప్పటి నుంచే సందడి మొదలుపెట్టే రోజు. పెట్టెలో ఒక తేనెటీగ, ఇద్దరు విదూషకులు. తేనెటీగ నన్ను చూసి బొటనవేలెత్తి "సూపర్ వేషం!" అంది. వేషమే కదా అనుకున్నాను.

ఏర్పాటు ఇదీ. పన్నెండున్నరకి భోజనం. నాలుగింటికి సంతకాలు. నాలుగుంబావుకి నేను నిజం చెబుతాను. కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను కూడా. కిల్టుకి జేబు లేదు, సంచీలో పెట్టాను.

రెస్టారెంటులో టీకా సర్టిఫికెట్లు చూపించి కూర్చున్నాం. ఫెర్గస్, ఫ్రావు కెస్లర్, నేను. కూర్చోబోతూ ఫెర్గస్ వంగి నా కిల్టు అంచు రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. "ఇక్కడ కుట్టు వంకర పోయింది. ఇదివరకైతే మామయ్య దీన్ని ఇలా వదిలేవాడు కాదు" అన్నాడు.

అంతే. నా నోరు నా మాట వినలేదు.

"ఫెర్గస్, అది కిల్టు కాదు. ఆ రోజు. లుంగీ. మా దేశంలో ఇంట్లో కట్టుకుంటాం. కొట్లో కొన్నాను. మా ఇంటి గళ్ళు కావు, ఎవరింటివీ కావు. కుక్కరు కూసింది, లేచాను, ఉద్యోగం పోతుందని భయమేసింది. మీ మామయ్య నాలుగుసార్లు విప్పి కుట్టాడు, నేను ఎదవని."

చివరి మాట తెలుగులో అన్నాను. ఫ్రావు కెస్లర్ ఫోర్కు కింద పెట్టింది. నాలుగుంబావుకి ఇంకా మూడున్నర గంటలుంది. నా మూడేళ్ళూ, బ్లూకార్డూ, ఈషా స్కూలూ ఆ బల్ల మీద బంగాళాదుంపల పక్కన పడి ఉన్నాయి.

ఫెర్గస్ నిదానంగా తన ముక్క నమిలి మింగాడు. ఫోను తీసి నా ముందు పెట్టాడు. ఈషా టైపు చేసిన ఉత్తరం ఫొటో.

"అన్నయ్యగారికి నమస్కారం. మీరు పంపిన బట్టలు అందాయి. మా ఆయన ఆ రోజు కట్టుకున్నది లుంగీ. ఉద్యోగం పోతుందని భయపడి కిల్టు అన్నారు. కుచ్చిళ్ళ సంగతి మాత్రం నిజం, మా వైపు పంచెకి కుచ్చిళ్ళు ముందుకే. ఈ పంచె అసలుది. కోపం వస్తే ఆయన మీద తెచ్చుకోండి, పంచె మీద కాదు. ఇట్లు మీ చెల్లెలు హైమావతి."

"పార్సెలు కస్టమ్స్‌లో ఆగి సెప్టెంబరు ఆఖరున అందింది" అన్నాడు ఫెర్గస్. "రెండు గురువారాలు నీతో మాట్లాడబుద్ధి కాలేదు. మా మామయ్య చనిపోతాడేమోనని నేను భయపడుతూ ఆ కిల్టు కుట్టనిచ్చాను, తెలుసా? నాకు చాలా కోపం వచ్చింది. ఆయనే అన్నాడు, 'ఏమీ అడగకు, తనంతట తను చెప్పేదాకా ఆగు' అని. ఆరు వారాలు ఆగాం, విస్సనాదం."

క్షమించమన్నాను.

అప్పుడు ఫ్రావు కెస్లర్, "మరి సంతకం?" అంది. జర్మన్లకి ప్రతిదానికీ ఒక వేళుంటుంది.

ఫెర్గస్ ఆవిడ కేసి వింతగా చూశాడు. "సంతకానికీ దీనికీ సంబంధమేమిటి? ఇతని బిల్లింగు ప్రోగ్రాం మూడేళ్ళుగా ఒక్క రోజు ఆగలేదు. గోనెసంచి కట్టుకున్నా పెడతాను. పోయినేడు కూడా అందుకే పెట్టాను."

పోయినేడు కూడా. ఏడాది పాటు నేను మోసిందంతా దేనికోసమో నాకు అర్థం కాలేదు. బిగ్గరగా నవ్వొచ్చింది. నాతోపాటు ఫెర్గస్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. నాలుగింటికి సంతకాలయ్యాయి. విడిపోయేటప్పుడు, "ఆదివారం మామయ్య నీతో వీడియోలో మాట్లాడతాడట. పంచె కట్టడం చూపించాలి నువ్వు" అన్నాడు.

ఇంటికొచ్చి హైమని నిలదీశాను. "మీరు చెప్పరని తెలుసు, మీతో కాపురం చేస్తున్నది నేను" అంది. సరే. అంతా తేలిపోయింది. గుండె తేలికయింది.

12 నవంబర్

తేలిక కాలేదు. ఒక చిన్న ఇబ్బంది ఉంది.

14 నవంబర్ 2021, ఆదివారం

నాకు పంచె కట్టుకోవడం రాదు.

రాసేశాను. పెళ్ళిలో పురోహితుడి తమ్ముడు కట్టాడు. గృహప్రవేశానికీ, సత్యనారాయణ వ్రతాలకీ కుచ్చిళ్ళు కుట్టేసి, అతుకుడు పట్టీ వేసి అమ్మే రెడీమేడ్ పంచె. బెల్టులా తగిలించుకోవడమే. తాతల కాలం నుంచీ అని ఏడాదిగా చెప్పుకు తిరిగాను గానీ, మా నాన్న కడుతుంటే ఒక్కనాడు దగ్గర నిలబడి చూసింది లేదు.

నిన్నంతా తలుపేసుకుని యూట్యూబు చూస్తూ కట్టాను. ఐదుసార్లూ ఊడింది. మూడు గంటలకి ఫోను మోగింది.

ఆర్చీ గారు చిన్న మనిషి, పెద్ద చెవులు. ప్యాంటు మీదే నడుముకి మా పంచె చుట్టుకుని, కొసలు రెండు చేతుల్లో పట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు. వెనక నుంచి ఫెర్గస్ ఫోను పట్టుకున్నాడు.

"రా అబ్బాయ్, చూపించు" అన్నారు.

ఏదైనా సాకు చెప్పవచ్చు. నడుము నొప్పి అనవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"నాకు రాదండీ" అన్నాను. "ఎప్పుడూ నేర్చుకోలేదు. కుట్టినది తగిలించుకుంటాను."

ఆయన వినబడలేదన్నారు. గట్టిగా మళ్ళీ చెప్పాను. ఈసారి వినబడింది. చేతిలో కొసలు అలాగే పట్టుకుని ఫోను దగ్గరికి వచ్చారు.

"మరి నేను నాలుగుసార్లు విప్పి కుట్టింది ఎవరి ఆచారం?"

ఇంతకన్నా లుంగీ సంగతి చెప్పడమే సులువు. స్టవ్ దగ్గర నుంచి హైమ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మాదే అన్నయ్యగారూ. ఈయనకి రాకపోతే మాది కాకుండా పోతుందా? ఉండండి" అని నా చేతిలో పంచె లాక్కుంది. శుద్ధ తెలుగులో. ఈషా ఇంగ్లీషు చేయబోతే ఆయన చెయ్యెత్తి వద్దన్నారు.

తరువాత ముప్పావుగంట నేను మనిషిని కాను, దండేనికి కర్రని. హైమ నాకు చుట్టి నడుము దగ్గర ముడేసింది, అక్కడాయన వేసుకున్నారు. తను కుచ్చిళ్ళు తీసింది, ఆయన తీశారు. ఆయన వేళ్ళు వణుకుతున్నాయి గానీ కుచ్చిళ్ళు మాత్రం అచ్చు గుద్దినట్టు ఒకే కొలతలో పడుతున్నాయి. హైమ తన కుచ్చిళ్ళు చూసుకుని, ఆయనవి చూసి, తనవి విప్పి మళ్ళీ తీసింది. ఆవిడ ఒకరి పని చూసి తన పని దిద్దుకోవడం ఈ ఇరవై ఏళ్ళలో నేను చూడలేదు. గోచీ దగ్గరికి వచ్చేసరికి కొస ఎటు నుంచి తేవాలో హైమకీ అనుమానం వచ్చింది, చీరకి ఆ బాధ లేదు కదా. తను తెలుగులో ఏదో అంది, ఆయన వాళ్ళ భాషలో ఏదో అన్నారు, ఇద్దరూ ఒకేసారి తల ఊపి ఎడమ కొస కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి దోపారు. నిలిచింది.

"ఒప్పేనా?" అన్నారు ఆర్చీ గారు, చేతులు చాపి అటూ ఇటూ తిరుగుతూ.

"ఒప్పే అన్నయ్యగారూ" అంది హైమ.

హమ్మయ్య, అయిపోయింది అనుకున్నాను. ఆయన కుర్చీ లాక్కుని, పంచె నలగకుండా జాగ్రత్తగా కూర్చుని, నా కేసి వేలు చూపించారు.

"ఇప్పుడు ఆ పంచె విప్పి, అతన్ని తనంతట తను కట్టుకోమను. నేను చూస్తాను. నాకు ఇవాళ వేరే పనేమీ లేదు."

మొదటిసారి కుచ్చిళ్ళు జారిపోయాయి. రెండోసారి ముడి ఊడింది. ఈషా నవ్వింది, ఫెర్గస్ నవ్వాడు, ఆర్చీ గారు నవ్వలేదు. "బొటనవేలు తియ్యకు" అన్నారు. మూడోసారి గోచీ కుదరలేదు. నాలుగోసారి కట్టి, చేతులు వదిలి, ఊపిరి బిగపట్టి నిలబడ్డాను. నిలిచింది.

కళ్ళలో నీళ్ళు ఎందుకొచ్చాయో తెలియదు. తెలుసు, రాయను.

"ఏవండీ, ఎడమ పక్క జానెడు కిందకి వచ్చింది" అంది హైమ. "విప్పండి."